గొట్టములో మరుగు పెట్రోలు

1903 డిసెంబరు 17వ తేదీన కిట్టీహాక్ సమీపపు ఇసుకదిబ్బల మీద రైటు సోదరులు ఎగురవేసిన విమానము ఏ పెద్ద కర్మాగారమునుండియు వెలువడినది కాదు. డేటన్ నగరములో వారు నడుపుకొను సైకిళ్ల అంగడిలో, వారి చేతుల మీదుగా రూపుదాల్చినది. దాని ఇంజనును సిద్ధపరచినవాడు ఆ అంగడిలో పనిచేయుచుండిన చార్లీ టేలర్. 12 అశ్వబలముల ఆ ఇంజనుకు నేడు మన మెరిగిన కార్బురేటరు లేదు, పెట్రోలు పంపును లేదు. పై రెక్క క్రింద ఒక కొయ్యకు కట్టిన చిన్న డబ్బానుండి పెట్రోలు తన బరువుచేతనే క్రిందికి జారి, సిలిండర్ల ప్రక్కనున్న లోతులేని అరలోనికి వచ్చి, అచ్చటి వేడిమికి ఆవిరియై, గాలితో కలిసి లోపలికి పోయెడిది. యంత్రబలముతో మానవుని మోసికొని తొలిసారి లేచిన ఆ విమానము, ఈ విధముగా చూచినచో, ఇంట కట్టుకొన్న విమానమే.

ఆ సంప్రదాయము నేటికిని అంతరింపలేదు. 1953లో పాల్ పొబరెజ్నీ అను వైమానికుడు అమెరికాలోని మిల్వాకీ నగరమున, స్వయముగా విమానములు నిర్మించుకొనువారిని కూడగట్టి ‘ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్’ అను సంఘమును నెలకొల్పెను. 1970 నుండి ఆ సంఘపు పెద్ద సమ్మేళనమునకు విస్కాన్సిన్ రాష్ట్రములోని ఆష్‌కోష్ పట్టణము నెలవైనది. 1973లో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ స్థాపించిన సంస్థ విక్రయించు విడిభాగములతో నిర్మింపబడి గగనమున కెగిరిన విమానములే 11 వేలకు మించినవి. అమెరికా చట్టము ఈ నిర్మాతలపట్ల ఉదారముగా నున్నది. పనిలో సగమునకు మించిన భాగమును తన విద్యకొరకో వినోదముకొరకో తానే చేసికొన్నవానికి, కర్మాగారములు నెరవేర్చవలసిన నిబంధనలనుండి చాలవరకు మినహాయింపు లభించును. ‘విద్యకొరకు’ అను మాట ఆ చట్టములోనిదే, ఉపాధ్యాయులు గమనింపదగినది.

అయితే మినహాయింపునకు మరియొక ముఖము కలదు. కర్మాగారములో తయారగు చిన్న విమానపు నమూనాకు అనుమతి నిచ్చుటకు ముందు, కాగిన పెట్రోలును అందులో పోసి, పైకి ఎక్కించి, ఇంజను తడబడునో లేదో పరీక్షించుట అమెరికా నిబంధనలలో చిరకాలముగా నున్న పద్ధతి. ఆ పరీక్షలో పెట్రోలు వేడి సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు. ఇంట కట్టుకొన్నవానికి అట్టి నిర్బంధము లేదు. గొట్టమును ఏ దారిని త్రిప్పవలెనో, పంపును ఎచ్చట బిగింపవలెనో, కవాటపు పిడి ఎచ్చట నుండవలెనో నిర్ణయించువాడు అతడే. రేపు అందులో కూర్చుండి ఎగురువాడును అతడే. ప్రక్క ఆసనములో భార్యయో బిడ్డయో కూర్చుండవచ్చును.

విమానపు ఇంధనవ్యవస్థను కాగితముపై గీచి చూపినచో ఎనిమిదవ తరగతి విద్యార్థికైనను అర్థమగును. రెక్కలలో ట్యాంకులు, ట్యాంకులలోనికి గాలి వచ్చుటకు రంధ్రములు, ఏ ట్యాంకునుండి పెట్రోలు తీసికొనవలెనో నిర్ణయించు కవాటము, మురికిని నీటిని ఆపు వడపోత, ఒకటి రెండు పంపులు, తుదకు కార్బురేటరు. వీనిని కలుపు కొన్ని గజముల గొట్టము. ఇంతకంటె సులభమైన ఏర్పాటు విమానములో మరియొకటి లేదనిపించును. ఆ సులభత్వమే కొందరిని ఏమరుపాటున పడవేయును. రెక్క నునుపుదేరుటకు నెలల కొలది శ్రమించి, గొట్టపు దారిని ఒక్క సాయంకాలములో తేల్చివేయువారు లేకపోలేదు. రెక్క కొంచెము గరుకైనచో వేగము స్వల్పముగా తగ్గును. గొట్టములో పెట్రోలు మరిగినచో ఇంజను ఆగిపోవును.

పెట్రోలు మరుగుట యేమి, ఇంజను ఆగుట యేమి అని సందేహము కలుగవచ్చును. ద్రవరూపమున నున్న పెట్రోలు మండదు. మండునది గాలితో కలిసిన దాని ఆవిరి. కనుక తేలికగా ఆవిరియగుట పెట్రోలునకు కోరదగిన గుణమే. రైటు సోదరుల ఇంజను నడచినది ఆ గుణముచేతనే. అయితే ఆవిరి కావలసిన చోటు గొట్టపు చివరనున్నది. అంతకు ముందే, దారిలోనో వడపోతలోనో పంపు కడుపులోనో ఆవిరియైనచో అదియే శత్రువగును. పెట్రోలు ఆవిరియగునప్పుడు రెండువందల రెట్లకు మించిన చోటును ఆక్రమించును. ఒక్క చుక్క మరిగినచో పెన్సిలు లావు గొట్టమును దాదాపు జానెడు పొడవున నింపివేయును. పంపు ద్రవమును త్రోయుటకై నిర్మింపబడినది. ద్రవమును అదిమినను ముడుచుకొనదు, ఆవిరి ముడుచుకొనును. పంపులోని పొర వెనుకకు జరిగినప్పుడు ఆవిరి సాగును, ముందుకు జరిగినప్పుడు ముడుచుకొనును. స్ప్రింగువలె సాగుచు ముడుచుకొనుచు ఉన్నచోటనే యుండును. ట్యాంకు నిండ పెట్రోలున్నను ఇంజనుకు బొట్టు చేరదు. ఇంజనీర్లు దీనిని ‘వేపర్ లాక్’ అందురు. తెలుగున ఆవిరిబంధము అనుకొనవచ్చును.

ఏ ద్రవమైనను మరుగుటకు వేడి ఒక్కటియే కారణము కాదని ఉన్నత పాఠశాలలో చెప్పుదుము. ద్రవపు బాష్పపీడనము దాని చుట్టునున్న పీడనమునకు సమానమైనప్పుడు అది మరుగును. కుక్కరులో పీడనము హెచ్చుటచే నీరు 120 డిగ్రీల దగ్గర గాని మరుగదు. మూడున్నర వేల మీటర్ల ఎత్తుననున్న లేహ్‌లో 88 డిగ్రీలకే మరుగును. పెట్రోలునకును ఈ న్యాయమే వర్తించును. కాని నీటికిని దీనికిని ఒక భేదము కలదు. నీరు ఒకే పదార్థము, దానికి ఒకే మరుగుస్థానము. పెట్రోలు అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము. అందులో తేలికవి 40 డిగ్రీలకు లోపలనే లేచిపోజూచును, బరువైనవి 200 డిగ్రీల వరకు నిలిచియుండును. అందుచే పెట్రోలు ‘ఎన్ని డిగ్రీలకు మరుగును’ అని అడుగుటకంటె, ఒక నియమితమైన వేడిమి వద్ద దాని బాష్పపీడనమెంత అని అడుగుట శాస్త్రీయము. ఆ వేడిమి 37.8 డిగ్రీలని చమురు పరిశ్రమవారు ఏర్పరచుకొనిరి. దానిని రీడ్ బాష్పపీడనమని పిలుతురు.

ఇచ్చట కొన్ని అంకెలు అవసరము. విమానములకై ప్రత్యేకముగా తయారగు పెట్రోలునకు ఈ పీడనము 38 కిలోపాస్కలులకు తగ్గరాదు, 49కి మించరాదు. అమెరికాలో కార్లకు అమ్ము వేసవి పెట్రోలు సుమారు 62 వరకు ఉండవచ్చును. చలికాలమున, మంచులో కూడ ఇంజను వెంటనే అందుకొనవలెనను ఉద్దేశముతో, తేలిక పదార్థములను ఎక్కువగా కలిపి 103 వరకు పోనిత్తురు. సముద్రమట్టమున వాతావరణ పీడనము 101 కిలోపాస్కలులు. అనగా ఆ చలికాలపు పెట్రోలును తెరచిన గిన్నెలో పోసి, మన కోస్తా జిల్లాలలోని వైశాఖపు ఎండవేడిలో ఉంచినచో, పొయ్యి అక్కరలేకయే మరుగనారంభించును. మార్చి నెలాఖరున ట్యాంకులో మిగిలిన చలికాలపు పెట్రోలుతో, అకస్మాత్తుగా ఎండ కాచిన మధ్యాహ్నమున ఎగురబోవువాడు ఈ లెక్కను మరువరాదు.

ఇప్పుడు విమానమును 3,000 మీటర్ల ఎత్తుకు ఎక్కింతము. అచ్చట వాతావరణ పీడనము సుమారు 70 కిలోపాస్కలులు. పెట్రోలు వేడి 38 డిగ్రీలున్నదనుకొన్నచో, విమానపు పెట్రోలు మరుగుటకు ఇంకను 20 కిలోపాస్కలుల ఎడమున్నది. కారు పెట్రోలుకు మిగిలినది 8 మాత్రమే. ఈ 8ని హరించుటకు పెద్ద కారణమేమియు అక్కరలేదు. పంపు చాలును.

పంపు పెట్రోలును లాగుచున్నదని మాటవరుసకు అందుము. నిజమునకు ఏ పంపును ద్రవమును లాగజాలదు. కొబ్బరిబొండములో గొట్టము వేసి త్రాగు బాలుడు చేయునది తన నోటిలోని పీడనమును తగ్గించుట. నీటిని పైకి త్రోయునది బొండములోని నీటిపై అదుముచున్న వాతావరణము. ఇంజనుకు తగిలించిన పంపును ఇట్లే తన వెనుకనున్న గొట్టమంతటను పీడనమును తగ్గించును. ట్యాంకు రెక్కలో క్రిందను, పంపు ఇంజను వద్ద పైనను ఉన్నచో, ప్రతి మీటరు ఎత్తుకును సుమారు 7 కిలోపాస్కలులు తగ్గును. వడపోత కొంత తగ్గించును. అందులో నలుసులు పేరుకొన్నచో మరికొంత. కవాటము, ఇరుకైన కీలు, సూటిగా విరిచిన మూలమలుపు ఒక్కొక్కటియు తనవంతు తీసికొనును. కారు పెట్రోలుకు మిగిలిన 8లో ఏడింటిని ఒక్క మీటరు ఎత్తే మ్రింగివేయుట చూచితిమి గదా. వేడిమి 20, 25 డిగ్రీలు పెరుగునప్పటికి బాష్పపీడనము దాదాపు రెట్టింపగునని కూడ జ్ఞాపకముంచుకొన్నచో, ఇంజను కప్పు క్రింద పొగగొట్టమునకు అంగుళము దూరమున పోవు పెట్రోలు గొట్టమును చూచినవానికి ఒడలు జలదరింపక మానదు.

ఇందులో మిక్కిలి అపాయకరమైన సమయము మధ్యాకాశమున కాక నేలమీదనే ఆరంభమగుట గమనింపదగిన విషయము. ఎగురుచున్నప్పుడు గాలి ఇంజనును చల్లార్చుచుండును. దిగి ఇంజను ఆపినతోడనే ఆ గాలి ఆగును. లోహములో నిలిచిన వేడి మాత్రము ఎచ్చటికి పోవును? కప్పు క్రింద నున్న ప్రతి వస్తువులోనికిని ఎక్కును. పంపు, గొట్టములు, కార్బురేటరు ఎగురునప్పటికంటె ఎక్కువగా కాగునది ఆపిన తరువాతి పావుగంట, అరగంటలోనే. ఆ సమయమున ఒక కప్పు కాఫీ త్రాగివచ్చి మరల ఇంజనును ప్రారంభించువాడు, కాగిన పంపుతో, ఆవిరి బుడగలతో బయలుదేరుచున్నాడు. నేలమీద మెల్లగా పోవునప్పుడు ఇంజను కొద్దిగానే త్రాగును గనుక పెట్రోలు గొట్టములో నిదానముగా కదలుచు మరింత కాగును. ఆ కొద్దిపాటి అవసరము తీరుచున్నందున లోపము బయటపడదు. పరుగుబాట చివర పూర్తిబలమిచ్చినప్పుడు ఇంజను ఒక్కసారిగా పలురెట్లు కోరును. అప్పుడు గొట్టములో నున్నది సగము ఆవిరి. విమానము చెట్ల ఎత్తున నుండగా, ముందు మైదానము ముగిసిపోవుచుండగా, ఇంజను దగ్గనారంభించును.

మన తెలుగు దేశపు రోడ్లమీద అంబాసిడరు కార్లు తిరిగిన రోజులు ఎరిగినవారికి ఈ కథ క్రొత్తది కాదు. మే నెల మధ్యాహ్నము, ఘాటురోడ్డు సగమెక్కిన తరువాత కారు రెండు మూడు కుదుపులు కుదిపి నిలిచిపోవును. డ్రైవరు బానెట్టు ఎత్తి, ఇంజను ప్రక్కనున్న పెట్రోలు పంపుమీద తడిగుడ్డ వేసి, చెట్టునీడను బీడీ ముట్టించుకొని కూర్చుండును. కొంతసేపటికి గుడ్డ ఆరును, పంపు చల్లారును, ఆవిరి మరల ద్రవమగును, కారు ఏమియు జరుగనట్లే కదలును. శాస్త్రము తెలిసియో తెలియకయో ఆ డ్రైవరు చేసిన చికిత్స సరియైనదే. ఆకాశమున చెట్టునీడ లేదు, తడిగుడ్డ వేయు చేయి లేదు.

నేటి కార్లలో ఈ బాధ దాదాపు లేదు. కారణము పెట్రోలు మారుట కాదు, పంపు చోటు మారుట. నేటి కారులో విద్యుత్తుతో నడచు పంపు ట్యాంకులోపల పెట్రోలులో మునిగియుండును. అది గొట్టమును పీల్చదు, త్రోయును. మూడు వాతావరణముల పీడనముతో త్రోయును. అంతటి అదుములో పెట్రోలు మరుగజాలదు. కుక్కరులో నీరు తొందరగా మరుగనట్లే ఇదియును. మిగిలిన పెట్రోలు ట్యాంకునకు తిరిగి పోవు ఏర్పాటున్నచో బుడగలు కూడ దానితోనే పోవును. ఇంధనవ్యవస్థ రచనకు సంబంధించిన సూత్రములలో దీనికి సాటివచ్చునది లేదు: ద్రవమును దూరమునుండి పీల్చకుము, దగ్గరనుండి త్రోయుము.

అట్లయిన ఇంట కట్టు విమానములన్నిటను ఈ పద్ధతినే అనుసరింపరాదా? కొందరు అనుసరించుచున్నారు. కాని విద్యుత్తు పంపు విద్యుత్తుపై ఆధారపడును. బ్యాటరీయో తీగయో పాడైనచో కారు రోడ్డు ప్రక్కను నిలుచును. విమానమునకు ఆ ప్రక్క లేదు. పాతరకపు విమాన ఇంజనుకు తగిలించిన యాంత్రిక పంపు, ఇంజను తిరుగుచున్నంతసేపు ఎవరి సాయమును కోరక పనిచేయును. అందుచే పెక్కుమంది రెండును ఉంచుకొందురు. యాంత్రిక పంపు ఎల్లప్పుడును నడచును. విద్యుత్తు పంపును నేల విడుచునప్పుడును, దిగునప్పుడును, ఇంజను తడబడినప్పుడును నడిపింతురు. విద్యుత్తు పంపును చల్లని చోట, ట్యాంకునకు దగ్గరగా, సాధ్యమైనంత క్రిందను బిగించుట వివేకము. చేతికి అనుకూలముగా నున్నదని ఇంజను గోడకు తగిలించినచో, రెండు పంపులును ఒకే పొయ్యిప్రక్కను కూర్చుండి ఒకే గొట్టమును పీల్చుచుండును. రెండవది ఉన్నను లేనట్లే.

రెక్క పైనుండు విమానములకు ఈ చిక్కు తక్కువ. 1920వ దశకపు చివర మిన్నెసోటా రాష్ట్రవాసి బెర్నార్డ్ పీటెన్‌పోల్, ఫోర్డు కారు ఇంజనుతో ఎయిర్ క్యాంపర్ అను విమానమును రూపొందించెను. దాని నమూనా పటములతో ఇప్పటికిని విమానములు కట్టువారున్నారు. అందులో పెట్రోలు తన బరువుచేతనే దిగివచ్చును. మీటరు ఎత్తునకు 7 కిలోపాస్కలులు అను లెక్క అచ్చట తగ్గింపు కాక కూడిక అగును. పంపు లేదు గనుక పంపు చెడుట లేదు. అయినను ఆ అదుము బహు స్వల్పము. గొట్టము ఒకచోట పైకి లేచి మరల దిగినచో ఆ మూపున బుడగ చేరి కూర్చుండును. పల్లమున కనవరతము దిగునట్లు గొట్టమును నడపవలెను. ట్యాంకునకు గాలి రంధ్రమును ముఖ్యము. నూనె డబ్బాకు ఒక్క రంధ్రము పొడిచి వంచినచో నూనె కొంచెము కారి ఆగిపోవుట ప్రతి ఇల్లాలును ఎరుగును; రెండవ రంధ్రము పొడిచిన గాని ధార కట్టదు. విమానపు ట్యాంకులోను అంతే. ఆ రంధ్రపు గొట్టములో కందిరీగ మట్టిగూడు కట్టినచో నిండు ట్యాంకుతోనే ఇంజను ఆగును. బయలుదేరుటకు ముందు వైమానికులు వంగి ఆ గొట్టములోనికి చూచుట అందుకే.

రెక్క క్రిందనుండు విమానములలో మరియొక జాగ్రత్త అవసరము. రెండు ట్యాంకులనుండియు ఒకేసారి పీల్చు ఏర్పాటు అందులో పెట్టరాదు. ఒక ట్యాంకు ముందుగా ఖాళీయైనచో పంపు అచ్చటినుండి గాలినే పీల్చును. గాలిని పీల్చుట పెట్రోలును పీల్చుటకంటె సులభము గదా. కనుక కుడియో ఎడమయో ఏదియో ఒకటి; మార్పు పైలట్ చేతిలోనిది. గొట్టములను పొగగొట్టమునకు దూరముగా నడపుట, ఇంజను వైపున వానికి వేడిని ఆపు తొడుగులు తొడుగుట, యాంత్రిక పంపు చుట్టును రేకు గూడు కట్టి చల్లని గాలిని దానిలోనికి పంపుట అనుభవజ్ఞులు తప్పక చేయు పనులు. చిన్న విమానములలో విరివిగా వాడు రోటాక్స్ ఇంజనుకు, కొంత పెట్రోలు ట్యాంకునకు తిరిగిపోవు సన్నని గొట్టము నుంచవలెనని తయారీదారులే సూచింతురు. కదలుచున్న పెట్రోలు కాగుటకు వ్యవధి చాలదు. పుట్టిన బుడగకు తిరిగిపోవు దారి దొరకును.

ఇక ఏ పెట్రోలు పోయవలెనను ప్రశ్న. విమానపు పెట్రోలు ఖరీదైనది. అందులో సీసము కలదు. అందుచే కారు పెట్రోలు వైపు మనస్సు పోవుట సహజము. పైన చెప్పిన సంఘమువారు పరీక్షలు జరిపి, 1982లో సెస్నా 150 అను చిన్న విమానమున కారు పెట్రోలు వాడుటకు అమెరికా ప్రభుత్వపు అనుమతిని సాధించిరి. అది రెక్క పైనుండి పెట్రోలు తానై దిగు విమానమనుట గమనింపవలెను. అట్టి అనుమతులలో ఇథనాలు కలిసిన పెట్రోలు నిషిద్ధము. ఇథనాలు రబ్బరును కొన్ని రెసిన్లను చెరచును, నీటిని పీల్చుకొనును. అంతేకాక ఒక వింత కలదు. రసాయనశాస్త్రము బోధించువారు తరగతిలో చెప్పదగినది. ఇథనాలు బాష్పపీడనము పెట్రోలు బాష్పపీడనముకంటె చాల తక్కువ. అయినను పదిపాళ్లు ఇథనాలును పెట్రోలులో కలిపినచో మిశ్రమపు పీడనము తగ్గుటకు మారుగా సుమారు 7 కిలోపాస్కలులు పెరుగును. పెట్రోలు అణువుల నడుమ ఒంటరియైన ఇథనాలు అణువులను తమ జాతి బంధము పట్టి ఉంచదు గనుక అవి తేలికగా లేచిపోవును. మన దేశమున 2025లో పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది.

ఆవిరిబంధము ఏర్పడినప్పుడు పైలట్ చేయదగిన పనులు రెండు మూడే. విద్యుత్తు పంపును వేయవలెను. కవాటమును త్రిప్పి రెండవ ట్యాంకునకు మారవలెను. ముక్కు దించి వేగమును నిలుపుకొనవలెను. ఇదంతయు కొన్ని సెకనులలో, కన్ను ముందునుండి మరలకుండ జరుగవలెను. కవాటపు పిడి ఎచ్చటనున్నదను విషయము అప్పుడు ప్రాణముతో సమానము. ఇందుకు నిదర్శనముగా లోకమెరిగిన ఒక దుర్ఘటన కలదు. అందులో ఆవిరి దోషమేమియు లేదు. ఇంధనవ్యవస్థ రచనా దోషమున్నది.

అమెరికాలో ప్రసిద్ధ గాయకుడైన జాన్ డెన్వర్ అనుభవము గల వైమానికుడు. 2,700 గంటలకు మించి ఎగిరినవాడు. అతడు లాంగ్-ఈజెడ్ అను రెండాసనముల విమానమును క్రొత్తగా కొనెను. దానిని రూపొందించినవాడు బర్ట్ రుటాన్. పటములను తెప్పించుకొని ఇంట నిర్మించినవాడు మరియొకడు. రుటాన్ పటములలో పెట్రోలు కవాటము పైలట్ కాళ్ల నడుమ, కంటికి చేతికి అందునట్లు ఉన్నది. నిర్మాత దానిని మార్చెను. పైలట్ కూర్చుండు చోటికి పెట్రోలు గొట్టములు రాకుండుట మేలని తలచి, కవాటమును వెనుక గోడకు, పైలట్ ఎడమ భుజము వెనుకకు జరిపెను. ఆ తలపు చెడ్డది కాదు. అగ్నిభయమునుండి తప్పించుకొనుటకే అతడట్లు చేసెను. కాని కవాటమును త్రిప్పుటకు పైలట్ కుడిచేతిని నియంత్రణదండమునుండి తీసి, భుజపు పట్టీ వదులు చేసికొని, ఎడమకు పూర్తిగా తిరిగి వెనుకకు చాచవలసివచ్చెను. పిడి బిగువుగా నుండెను. ఏ వైపు ఏ ట్యాంకో తెలుపు గుర్తులు లేకుండెను. పెట్రోలు మట్టము చూపు గాజుగొట్టములు వెనుక ఆసనము వద్ద నుండుటచే పైలట్‌కు తిన్నగా కనబడవు.

1997 అక్టోబరు 12వ తేదీ సాయంకాలము కాలిఫోర్నియాలోని మాంటెరే నుండి డెన్వర్ ఒంటరిగా బయలుదేరెను. బయలుదేరుటకు ముందు పిడి ఇబ్బంది ప్రస్తావనకు వచ్చినది. పట్టుకారుతో త్రిప్పిచూచుటయు జరిగినది. గాజుగొట్టములను చూచుటకు ఒక అద్దమును ఇచ్చిరి. పెట్రోలు పోయింతురా అని అడిగినప్పుడు అక్కరలేదనెను. కొంతసేపటికి పసిఫిక్ గ్రోవ్ తీరమున, తక్కువ ఎత్తున ఎగురుచున్న విమానము ఒక్కసారిగా ముక్కు దించి సముద్రములో కూలెను. అతని వయస్సు 53 సంవత్సరములు. నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు విచారణలో తేలినదేమనగా: కవాటమును అందుకొనుటకు వెనుకకు తిరిగినవాడు ఆనుటకై తనకు తెలియకయే కుడికాలిని అదుమును, ఆ కాలి క్రింద చుక్కాని పెడలు ఉన్నది. విమానము అదుపు తప్పినది అందుచే. పెట్రోలు పోయించుకొనకపోవుట, ఆ రకపు విమానములో అలవాటు చాలకపోవుట, నిర్మాత కవాటమును అందని చోట గుర్తులు లేక నుంచుట అన్నియు కారణములలో చేరినవి. కవాటమును జరుపుట నిర్మాణశాలలో ఒక పూట పని అయియుండును.

అందని పిడియు, మరుగు పెట్రోలును గగనమున తొలిసారి బయటపడరానివి. నేలమీద బయటపెట్టుటకు వెలలేని పరీక్ష యొకటి కలదు. విమానపు తోకను దించి, ముక్కును అది ఎక్కగల అత్యధిక కోణముకంటె 5 డిగ్రీలు పైకి లేపి నిలుపుదురు. ట్యాంకులో అడుగున కొద్ది పెట్రోలు మాత్రమే ఉంతురు. కార్బురేటరు వద్ద గొట్టమును విప్పి, ఒక కొలపాత్రలోనికి వదలి, గడియారము చూచుచు ఎంత కారినదో కొలుతురు. పెట్రోలు తన బరువుతో దిగు విమానములో ఇంజను పూర్తిబలమున త్రాగుదానికి ఒకటిన్నర రెట్లును, పంపుతో నడచుదానిలో ఒకటింబావు రెట్లును రావలెను. 100 అశ్వబలముల ఇంజను గంటకు సుమారు 35 లీటర్లు త్రాగునని లెక్క. అనగా మొదటి రకమున నిమిషమునకు సుమారు 875 మిల్లీలీటర్లు, రెండవ రకమున సుమారు 730 మిల్లీలీటర్లు పాత్రలో పడవలెను. ప్రతి ట్యాంకుతోను, ప్రతి పంపుతోను వేరువేరుగా చూడవలెను. త్రైరాశికము తెలిసిన విద్యార్థి ఈ లెక్క చేయగలడు.

ఈ పరీక్ష వేడిమి సంగతి తెలుపదు. ఇరుకుల సంగతి తెలుపును. ఇరుకులు తగ్గిన కొలది వేడిమికి మిగులు ఎడము పెరుగును. వేడిమి సంగతి తెలిసికొనగోరువారు, మండుటెండలో ఇంజనును బాగుగా నడిపి ఆపి, అరగంట కాగనిచ్చి, మరల ప్రారంభించి, విమానమును గట్టిగా బంధించి పూర్తిబలమున కొన్ని నిమిషములు నడిపి, పెట్రోలు పీడనము చూపు ముల్లు వణకునో లేదో చూతురు. 2012లో ఆ బోర్డు ఇంట కట్టిన విమానముల ప్రమాదములను సమగ్రముగా పరిశీలించి ఒక నివేదికను వెలువరించెను. 2011లో అమెరికాలోని చిన్న విమానములలో ఇవి పదింట ఒకవంతు మాత్రమే అయినను, ప్రాణనష్టము జరిగిన ప్రమాదములలో వీని పాలు 21 శాతముగా నుండెను. కారణములలో ఇంజను బలము తప్పుట ముఖ్యమైనదిగా తేలెను. మొదటిసారి ఎగురుటకు అనుమతి నిచ్చుటకు ముందే నిర్మాత ఇంధనవ్యవస్థను ఈ రీతిని పరీక్షించి, ఆ ఫలితమును కాగితముపై వ్రాసి సమర్పింపవలెనని ఆ నివేదిక కోరినది.